కంటిలో రాగి వలయం

ఈ శీర్షికలో మనం సాధారణంగా ప్రతి ఇంటికీ పరిచయమైన వ్యాధుల గురించే మాట్లాడుకుంటూ ఉంటాము. ఈ నెల ఒక అరుదైన వ్యాధిని ఎన్నుకోవడానికి కారణం తాండూరుకు చెందిన ఒక తల్లి. "మా పేర్లు రాయకండి, కాని మా కథ రాయండి. మాకు ఆలస్యంగా తెలిసిన సంగతి మరొక ఇంటికి ముందే తెలియాలి" అని ఆమె కోరారు. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, అసలు విషయాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టుగా పాఠకుల ముందు ఉంచుతున్నాను.

తండ్రి నాపరాళ్లకు నునుపు పెట్టే పనిలో ఉన్నారు. పదిహేనేళ్ల కుమారుడు మదరసాలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేస్తున్నాడు. సగానికి పైగా పూర్తయింది. మార్పును మొట్టమొదట గమనించినది అతని ఉస్తాద్. ఐన్, ఖాఫ్ వంటి అక్షరాలను స్పష్టంగా పలికే పిల్లవాడు నాలుక బరువెక్కినట్టు పలకసాగాడు. తర్వాత చేతిరాత చెదిరింది. టీ కప్పు పట్టుకుంటే చేయి వణికి సాసరులోకి ఒలికేది. నిద్రలో దిండు తడిసేంతగా నోటి నుంచి చొంగ కారేది. కొన్నాళ్లకు పగలు కూడా అలాగే జరగసాగింది. నెమ్మదస్తుడైన బాలుడు చిన్న మాటకే కోపంతో ఊగిపోయేవాడు.

చదువు తప్పించుకోవడానికి నటిస్తున్నాడని మొదట అందరూ అనుకున్నారు. ఆ తర్వాత గాలి సోకిందన్నారు. మెడలో తావీజులు పడ్డాయి. ఒక వైద్యుడు నరాల బలహీనత అన్నారు. మరొకరు మానసిక వ్యాధి అని మందులిచ్చారు. ఈ విధంగా ఏడాదిన్నర గడిచింది. ఈ అబ్బాయి అక్క తొమ్మిదేళ్ల క్రితం, తన పదకొండవ ఏట, కామెర్లు ముదిరి మరణించింది. అప్పట్లో ఆమెకు పసరు మందు పోయించారు. కామెర్లతో పోయిన అక్కకూ, చేతులు వణుకుతున్న తమ్ముడికీ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

చివరకు వ్యాధి ఆనవాలు దొరికినది కంటి పరీక్షలో. కళ్లు మంటగా ఉన్నాయంటే వికారాబాదులో ఒక కంటి వైద్యునికి చూపించారు. ఆయన స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో పరిశీలించగా, నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర అంచున బంగారు గోధుమ రంగులో ఒక వలయం కనిపించింది. ఆయన తల్లిదండ్రులను రెండే ప్రశ్నలు అడిగారు. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో కాలేయ వ్యాధితో చనిపోయారా? మీరిద్దరూ దగ్గరి బంధువులా? "ఆ రెండు ప్రశ్నలకూ అవుననే చెప్పాము. అంతకు ముందు ఆ ప్రశ్నలు మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నారు ఆ తల్లి. ఆమె భర్త ఆమెకు ఖాలా కుమారుడే.

ఆ వ్యాధి పేరు విల్సన్ వ్యాధి.

శరీరంలో రాగికి ఏమి పని?

మనం తినే ధాన్యంలో, పప్పులో, మాంసంలో, నీటిలో రాగి స్వల్ప పరిమాణంలో ఉంటుంది. శరీరానికి అది అవసరమే. రక్తం తయారీకి, నరాల పనికి, కణాలలో శక్తి పుట్టడానికి అది తోడ్పడుతుంది. అయితే అవసరమైనది రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే. మిగిలినదానిని కాలేయం పైత్యరసంలో కలిపి పేగులలోకి పంపుతుంది, అది మలంతో వెళ్లిపోతుంది. ఈ పనికి కాలేయ కణాలలో ఒక ప్రత్యేకమైన ప్రొటీను ఉంటుంది. దానిని తయారు చేసే ఆదేశం పదమూడవ క్రోమోజోములోని ఎ.టి.పి.7బి. అనే జన్యువులో ఉంటుంది. ఈ జన్యువును శాస్త్రవేత్తలు 1993లో కనుగొన్నారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులలో లభిస్తుంది. ఒకటి చెడిపోయినా రెండవది పని నడిపిస్తుంది. రెండూ చెడిపోయినప్పుడే వ్యాధి వస్తుంది. అప్పుడు బయటికి వెళ్లవలసిన రాగి కాలేయంలోనే పేరుకుంటుంది. పుట్టిన నాటి నుంచి ఇది నిశ్శబ్దంగా సాగుతుంది. కొందరిలో బడి ఈడులోనే కాలేయం దెబ్బతిని కామెర్లు, పొట్ట ఉబ్బు కనిపిస్తాయి. మరికొందరిలో కాలేయం నింపుకోగలిగినంత నింపుకొని, ఇక పట్టక రాగిని రక్తంలోకి వదులుతుంది. ఆ రాగి మెదడుకు, కంటికి, మూత్రపిండాలకు చేరుతుంది. అక్కలో కాలేయ వ్యాధిగా, తమ్మునిలో నరాల వ్యాధిగా వచ్చినది ఒకే రుగ్మత అన్నమాట.

నాడీ కణజాలంలో జరిగేదేమిటి?

1912లో లండనులో పనిచేస్తున్న శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ అనే యువ వైద్యుడు ఈ వ్యాధిని వివరంగా వర్ణించారు. కుటుంబాలలో వచ్చే ఈ కదలికల వ్యాధితో మరణించిన వారి మెదడును పరిశీలించినప్పుడు, లోతున పప్పుగింజ ఆకారంలో ఉండే ఒక భాగం కృశించి, మెత్తబడి, కొన్నిచోట్ల గుల్లబారి ఉండడం ఆయన చూశారు. అదే మనిషిలో కాలేయం గట్టిపడి గడ్డలు కట్టి ఉండడమూ గమనించారు. ఆ రెండింటినీ కలిపే కారణం రాగి అని ఆయనకు తెలియదు. రోగుల మెదడులో, కాలేయంలో రాగి అధికంగా ఉన్నదని 1948లో లండనులోనే కమింగ్స్ అనే శాస్త్రవేత్త స్పష్టంగా నిరూపించారు. కంటిలోని వలయాన్ని మాత్రం కైసర్, ఫ్లైషర్ అనే జర్మన్ కంటి వైద్యులు 1902, 1903లలోనే వర్ణించారు. అందుకే దానికి వారి పేర్లే నిలిచాయి.

మన ఇళ్లలో కళాయి పోయిన రాగి పాత్రలో పులుసు నిలవ ఉంచితే చిలుము పడుతుందని పెద్దలకు తెలుసు. కట్టుబాటులో లేని రాగి తన చుట్టూ ఉన్న పదార్థాన్ని మార్చివేస్తుంది. కణాలలోనూ అటువంటిదే జరుగుతుంది. ప్రొటీనులతో బంధం లేకుండా స్వేచ్ఛగా తిరిగే రాగి, ఆక్సిజనుతో కలిసి తీవ్రమైన రసాయన చర్యలు పుట్టిస్తుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ముందుగా దెబ్బతింటాయి.

మెదడులో ఈ దాడిని మొదట ఎదుర్కొనేవి ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు. ఇవి నక్షత్రాల ఆకారంలో ఉండి నాడీకణాలను పోషిస్తూ, రక్షిస్తూ ఉంటాయి. వచ్చిన రాగిని తమలో బంధించుకొని నాడీకణాలను కాపాడడానికి అవి ప్రయత్నిస్తాయి. ఆ ప్రయత్నంలో అవే ఉబ్బిపోతాయి, వాటి కేంద్రకాలు పెద్దవై పాలిపోతాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే ఈ కణాలను ఆల్జ్‌హైమర్ రెండవ రకం కణాలంటారు. పేరు ఒకటే అయినా మతిమరుపు వ్యాధితో వీటికి సంబంధం లేదు. పోలండుకు చెందిన ఆదమ్ ఒపాల్‌స్కీ 1930లో మరొక రకం పెద్ద కణాలను వర్ణించారు. అవి ఈ వ్యాధిలో ప్రత్యేకంగా కనిపిస్తాయి. సహాయక కణాల శక్తి ఉడిగిన తర్వాత నాడీకణాలు మరణిస్తాయి. నరాల తంతువుల చుట్టూ ఉండే మయలిన్ తొడుగు ఊడిపోతుంది. చివరి దశలో ఆ స్థలం గుల్లబారుతుంది.

అధికంగా దెబ్బతినే భాగం పుటామెన్. విల్సన్ చూసిన పప్పుగింజ ఆకారంలో అది వెలుపలి భాగం. మన కదలికలకు కొలతా, నిదానమూ ఇచ్చే కేంద్రాలలో అది ఒకటి. మాట్లాడే నాలుక, రాసే వేళ్లు, మింగే గొంతు వంటి సూక్ష్మమైన పనులన్నీ ఈ కేంద్రాల అదుపులో ఉంటాయి. తజ్వీదు పాఠంలో అబ్బాయి నాలుక ముందుగా తడబడడం అందుకే. ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఈ భాగాలు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. కొందరిలో మధ్యమెదడు చిత్రం పాండా జంతువు ముఖాన్ని పోలి ఉంటుంది. వైద్య విద్యార్థులకు అది గుర్తుండిపోయే ఆనవాలు.

ఇక్కడ ఒక ఊరట ఉంది. ఎం.ఆర్.ఐ.లో కనిపించే మార్పు అంతా మరణించిన కణజాలం కాదు. అందులో కొంత వాపు, కొంత తొడుగు దెబ్బతినడం. రాగి తగ్గితే ఈ భాగం నెలల తరబడి నెమ్మదిగా కోలుకోగలదు. మరణించిన నాడీకణాలు మాత్రం తిరిగి రావు. కాబట్టి ఎంత తొందరగా వ్యాధి పేరు తెలిస్తే అంత మెదడు మిగులుతుంది.

వంశపారంపర్యంగా వచ్చే కదలికల వ్యాధులలో అధిక భాగానికి నేటికీ మూలచికిత్స లేదు. హంటింగ్టన్ వ్యాధి జన్యువు కూడా 1993లోనే దొరికింది, అయినా దానిని పూర్తిగా ఆపే మందు ఇంకా రోగుల చేతికి అందలేదు. విల్సన్ వ్యాధికి మాత్రం 1956 నుంచే మందు ఉంది. ఆ సంవత్సరం జాన్ వాల్ష్ అనే బ్రిటిష్ వైద్యుడు పెనిసిల్లమిన్ అనే మాత్రను ప్రవేశపెట్టారు. అది రాగిని పట్టుకొని మూత్రంలో బయటికి పంపుతుంది. జింకు మాత్రలు పేగుల నుంచి రాగి రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటాయి. మందు ఉన్న వ్యాధికి పేరు తెలియకపోవడం వల్ల పిల్లలు మంచానపడడమే విషాదం. బెంగళూరులోని నిమ్హాన్స్ వైద్యులు తమ వద్దకు వచ్చిన మూడు వందల మందికి పైగా రోగుల వివరాలను 2004లో ప్రచురించారు. వారిలో సగానికి మించిన వారికి అంతకు ముందు వేరే వ్యాధి పేరు చెప్పబడింది. సగటున రెండేళ్ల కాలం చేజారింది. తాండూరు అబ్బాయి కథ ఒంటరి కథ కాదు.

మందు మొదలైన తర్వాత

ఈ అబ్బాయికి హైదరాబాదులో మిగిలిన పరీక్షలు జరిగాయి. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీను బాగా తక్కువగా ఉంది. ఇరవై నాలుగు గంటల పాటు సేకరించిన మూత్రంలో రాగి చాలా ఎక్కువగా ఉంది. మందు ప్రారంభించారు. మొదటి నెలలో వణుకు తగ్గకపోగా పెరిగింది. మందు మానిపించి మళ్లీ పాత దారి పడదామని బంధువులు ఒత్తిడి చేశారు. కాలేయంలో నిలవ ఉన్న రాగి ఒక్కసారిగా కదలడం వల్ల కొందరు రోగులలో ఇటువంటి తాత్కాలికమైన, ఒక్కొక్కసారి తీవ్రమైన, క్షీణత కనిపించవచ్చు. అందుకే వైద్యులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. అటువంటప్పుడు చేయవలసినది వెంటనే వైద్యుని కలవడం, ఇంట్లో కూర్చొని మందు మానడం కాదు.

ఇప్పటికి రెండేళ్లయింది. చేతివణుకు బాగా తగ్గింది. మాటలో కొంత ముద్దతనం మిగిలే ఉంది. మళ్లీ మదరసాకు వెళుతున్నాడు. ఉస్తాద్ అతనికి వేగం నేర్పడం లేదు, అక్షరం అక్షరం నిలిపి పలికిస్తున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష

అబ్బాయికి వ్యాధి నిర్ధారణ అయిన రోజే వైద్యురాలు తల్లిని అడిగారు, ఇంకా ఎంతమంది పిల్లలున్నారని. ఇద్దరు ఆడపిల్లలు. ఒకరికి ఇరవై, ఒకరికి ఎనిమిది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. అయినా పరీక్ష తప్పదన్నారు.

లెక్క ఇది. తల్లిదండ్రులిద్దరిలోనూ చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉన్నప్పుడు, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వ్యాధి లేకుండా కేవలం వాహకులయ్యే అవకాశం సగం. ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు వచ్చింది కదా అని మిగిలిన వారికి మినహాయింపు లేదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వాహకులకు జీవితాంతం ఏ జబ్బూ రాదు, మందూ అవసరం లేదు.

పరీక్షలో ఎనిమిదేళ్ల పాపకు వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆమెకు ఒక్క లక్షణం కూడా లేదు. జింకు మాత్రలు మొదలుపెట్టారు. మందు క్రమం తప్పకుండా వాడితే ఆమె మెదడుకు ఆ రాగి చేరకుండా ఆపవచ్చు. అందరిలా చదువుకొని, పెళ్లి చేసుకొని, పిల్లల్ని కని జీవించవచ్చు. అన్నను కాపాడడానికి ఆలస్యమైంది, చెల్లెలిని సమయానికి పట్టుకోగలిగారు. "అన్న జబ్బే చెల్లెల్ని కాపాడింది" అన్నారు తల్లి.

దాచిన మాట, చెప్పిన మాట

పెద్దమ్మాయి వాహకురాలని తేలింది. ఆమెకు ఫుప్ఫు కుమారునితో నిశ్చయమై ఉంది. ఇంట్లో అసలైన పరీక్ష అక్కడ మొదలైంది. విషయం బయటపడితే సంబంధం తప్పుతుంది, చిన్నపిల్లకు కూడా సంబంధాలు రావు, నోరు మెదపకండి అన్నారు కొందరు పెద్దలు.

ప్రపంచంలో సుమారు 30 వేల మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని, 90 మందిలో ఒకరు వాహకులని సాధారణంగా అంచనా వేస్తారు. బయటి వారిని చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం స్వల్పం. కాని తాతముత్తాతల నుంచి దిగివచ్చిన చెడిన ప్రతి బంధువులలో పంపిణీ అయి ఉంటుంది. ఈ అమ్మాయి తండ్రి వాహకుడు కనుక ఆయన సోదరి వాహకురాలయ్యే అవకాశం సగం, ఆమె కుమారుడు వాహకుడయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. తొంభైలో ఒకటి ఎక్కడ, నాలుగింట ఒకటి ఎక్కడ!

షరీఅత్ చాచా, ఫుప్ఫు, మామూ, ఖాలా పిల్లలతో వివాహాన్ని అనుమతించింది, విధిగా చేయలేదు. అనుమతి ఉన్న చోట ఆలోచనకూ చోటుంది. ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను కూడా ఉంచాడనీ, చికిత్స చేయించుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించారు. సంబంధం మాట్లాడేటప్పుడు తెలిసిన లోపాన్ని దాచడం మన ధర్మం హర్షించని విషయం. వ్యాధి ఉండడం నేరం కాదు, అది ఎవరి పాపఫలితమూ కాదు. తెలిసి కూడా దాచడమే తర్వాతి తరానికి అన్యాయం అవుతుంది.

చివరకు తల్లి తానే వెళ్లి ఆడపడుచుకు అంతా చెప్పారు. ఫుప్ఫు కొంతసేపు మౌనంగా కూర్చొని, కుమారుణ్ణి పిలిచి, పరీక్షకు వెళ్లమన్నారట. అబ్బాయిలో కనుగొన్న లోపం ఏదో తెలుసు కనుక అదే లోపం వరునిలో ఉన్నదా అని చూడడానికి కొంచెం రక్తం చాలు. ఫలితం ఏమిటో నేను అడగలేదు. అది ఆ రెండు ఇళ్ల అమానతు.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి

పిల్లలలో, యువతలో కారణం తెలియని కామెర్లు గాని, కాలేయ వాపు గాని ఉంటే. మాట ముద్దగా మారడం, చేతిరాత చెడడం, చొంగ కారడం, వణుకు, చదువులో అకస్మాత్తుగా వెనుకబడడం, స్వభావం మారడం కనిపిస్తే విల్సన్ వ్యాధి కూడా కావచ్చునేమోనని వైద్యుని అడగండి. కుటుంబంలో చిన్న వయసులో కాలేయ వ్యాధితో మరణించినవారు ఉంటే తప్పక చెప్పండి. నరాల లక్షణాలు ఉన్న రోగులలో దాదాపు అందరికీ కంటి వలయం ఉంటుంది. కాలేయ దశలో అది లేకపోవచ్చు, కనుక వలయం లేదన్నంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదు.

తాండూరు, వికారాబాదుల నుంచి హైదరాబాదుకు రైలు సౌకర్యం ఉంది. పంజాగుట్టలోని నిమ్స్‌లో నరాల వైద్య విభాగం, బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. ఉప్పల్ వద్ద ఉన్న సి.డి.ఎఫ్.డి. డి.ఎన్.ఎ. పరిశోధనకు, వ్యాధి నిర్ధారణకు ఏర్పడిన సంస్థ. మొదట మీ ఊరి వైద్యుని వద్ద సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి పరీక్ష గురించి మాట్లాడి, ఎక్కడికి వెళ్లాలో ఆయన సలహాతో నిర్ణయించుకోండి.

రోగులు కార్జం పూర్తిగా మానాలి. బక్రీదు రోజున ఇల్లంతా కలేజీ వాసన నిండి ఉన్నప్పుడు పిల్లవానికి అది కష్టమే, అతనికి వేరే వంటకం ముందే సిద్ధం చేయండి. చాక్లెట్లు, జీడిపప్పు వంటి గింజలు, పుట్టగొడుగులు, రొయ్యలు, పీతలు చికిత్స ప్రారంభ దశలో విడిచిపెట్టాలి. రాత్రంతా రాగి చెంబులో నిలవ ఉంచిన నీరు ఆరోగ్యమని ఇటీవల చాలామంది తాగుతున్నారు. ఈ రోగులు దానిని తాగరాదు. కళాయి లేని రాగి పాత్రలలో వంట చేయరాదు. అయితే ఆ పాత్రల వల్ల ఈ వ్యాధి వచ్చిందని ఎవరూ తమను తాము నిందించుకోనక్కర లేదు. పుట్టుకతో వచ్చిన జన్యు లోపమే కారణం. పథ్యం మందుకు బదులు కూడా కాదు.

మందు జీవితాంతం వాడాలి. బాగున్నాము కదా అని మానేసిన వారిలో కాలేయం ఒక్కసారిగా విఫలమై ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. గర్భధారణ సమయంలో కూడా వైద్యుని పర్యవేక్షణలో కొనసాగించాలి. ఈ మందులను ఆహారానికి దూరంగా, ఖాళీ కడుపున, రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవలసి ఉంటుంది కనుక రమజాను రాకముందే వైద్యుని, ఆలిమును సంప్రదించండి. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో మినహాయింపు ఉన్నది. మందు మాని ఉపవాసం పాటించడం సరికాదు.

వికారాబాదు పక్కన అనంతగిరి కొండల మీద క్షయ చికిత్సాలయం ఉంది. ఒకప్పుడు క్షయ ఉన్న ఇంటితో సంబంధం కలుపుకోవడానికి జనం భయపడేవారు. మందు దొరికి, మాట బయటికి వచ్చిన కొద్దీ ఆ భయం చాలావరకు సడలింది. విల్సన్ వ్యాధికీ మందు దొరికి డెబ్బై ఏళ్లు కావస్తున్నది. మాటే ఇంకా బయటికి రావలసి ఉంది. తాండూరులోని ఆ ఇంట్లో ప్రతి ఉదయం ఫజ్ర్ నమాజు తర్వాత అన్నాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన కూర్చొని మాత్రలు వేసుకుంటారు. గంట తర్వాతే నాస్తా. ఆ గంటలో అన్న పాఠం అప్పజెబుతాడు, తడబడిన చోట చెల్లెలు అందిస్తుంది. అల్లాహ్ వారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని ప్రసాదించాలని మీ దుఆలలో వారిని కూడా కలుపుకోండి.